వసుమతి గారి తప్పుల పుస్తకం

వసుమతికి మనస్విని పేరు వింటేనే ఒళ్లు మండేది. ఇందులో దాపరికమేమీ లేదు. నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో, నడిమధ్య చిన్న వాకిలీ చుట్టూ ఎనిమిది గదులూ ఉన్న, వసుమతి నడిపే ఆ బడిలో ఎల్‌కేజీ పిల్లలక్కూడా ఆ సంగతి తెలుసు. పెద్ద మేడం వరండాలోకి వచ్చిందంటే నాలుగో తరగతి వైపు ఒకసారి కళ్లెర్రజేసి గాని ముందుకు కదలదని వాళ్లు చెప్పుకుని నవ్వుకునేవారు.

మంట మొదలై మూడేళ్లయింది. ఆ రోజు తల్లిదండ్రుల సమావేశం. అఫ్జల్‌గంజ్‌లో తాళ్ల దుకాణం ఉన్న ఒకాయన లేచి, "మావోడు గట్టెక్కుతడా మేడం?" అని అడిగాడు. వసుమతి ముప్పయ్యేళ్లుగా బడి నడుపుతున్న మనిషి. ఇలాంటి ప్రశ్నకి జవాబు నాలుక చివరే ఉంటుంది.

"గట్టెక్కడమేమిటండీ! రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది ఫస్టు ర్యాంకు మీవాడిదే. ఆ శ్రీహరిని చూసి నేర్చుకోమని రోజూ చెబుతున్నాను" అంది.

బడి నడపడానికి ఆమెకు తెలిసిన మంత్రాలు రెండే. ఒక పిల్లాణ్ణి ఇంకో పిల్లాడితో పోల్చడం, రేపటికి ఈరోజే పూచీ పడటం. ఆ రెంటితోనే రెండు తరాల పిల్లల్ని దాటించింది. అలాంటిది, చేరి నెల కూడా కాని మనస్విని వెనక బెంచీ దగ్గర్నుంచి లేచి, నలభై మంది వింటుండగా నోరు తెరిచింది.

"గట్ల పూచీ పడకున్రి మేడం. పిలగాడు కష్టపడుతున్నడు. ఫస్టు రావచ్చు, రాకపోవచ్చు. రోజు శ్రీహరితోని పోలుస్తె మాత్రం ఉన్నది గూడ పోతది."

తాళ్ల దుకాణం ఆయన పకపకా నవ్వాడు. "గీ టీచరమ్మ నిజం చెప్తున్నది" అన్నాడు. వసుమతి కూడా నవ్వినట్టు మొహం పెట్టింది గాని, నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ముప్పయ్యేళ్లలో తన మాటకి అడ్డు వచ్చిన మనిషి లేదు. ఆ సాయంత్రమే ఆబిడ్స్‌లో దిగి, ఫుట్‌పాత్ మీద ఒక నూరు పేజీల రూళ్ల పుస్తకం కొనుక్కుని ఇంటికెళ్లింది.

అది తప్పుల పుస్తకం. వసుమతి గది కిటికీకి ఎదురుగా, వాకిలి అవతలే నాలుగో తరగతి. తలెత్తితే మనస్విని కనబడుతుంది, చెవి పెడితే వినబడుతుంది. ఏ పూట ఏ తప్పు చేసినా తారీఖు వేసి రాసేది. ఏదో ఒకరోజు యాజమాన్యం ముందు ఈ పుస్తకం పడేసి, "ఇదీ మీ టీచరమ్మ నిర్వాకం" అనాలని ఆశ. యాజమాన్యం వాళ్లు ఏడాదికోసారి ఆగస్టు పదిహేనుకి వచ్చి మిఠాయి తినిపోయేవారు తప్ప ఏనాడూ ఏదీ అడగలేదు. రాయడం మాత్రం ఆగలేదు. మూడేళ్లలో నాలుగో పుస్తకం మొదలైంది.

నాలుగో తరగతి పక్కనే, ప్లైవుడ్ గోడకి అవతల మూడో తరగతి. అక్కడ హైందవి పాఠం చెబుతుంది. హైందవి వసుమతి చెల్లెలి కూతురు. తొమ్మిదో ఏట తల్లి పోతే వసుమతే తెచ్చుకుని పెంచింది. వసుమతికి పిల్లల్లేరు, భర్త ఏనాడో పోయాడు. యాభయ్యారులో తెనాలి నుంచి సెక్రటేరియట్‌ కొలువుకి వచ్చిన తాతగారి వంశంలో ఇప్పుడు ఒకే ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరే. మూడో తరగతి మెట్ల చాటున పడటంతో కిటికీలోంచి కనబడేది కాదు. మన పిల్ల పాఠం మనం చూడటమేమిటి, బంగారంలా చెబుతుంది అనుకునేది వసుమతి.

ఇలా ఉండగా ఆ సంక్రాంతి సెలవులయ్యాక బడి నెత్తిన పిడుగు పడింది. భవనం అమ్ముడుపోయింది. ఏప్రిల్‌తో బడి మూత. పిల్లలు ఎక్కడో చోట చేరతారు. వసుమతికి అరవై ఒకటి, ఎలాగూ దిగిపోయే వయసు. ఆమె బెంగంతా హైందవి గురించే. నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల, కొత్తచోట ఎలా నెగ్గుకొస్తుందని రాత్రీ పగలూ అదే దిగులు.

సరిగ్గా అప్పుడే ఇంగ్లండు నుంచి ఒక ట్యూషన్ కంపెనీ కబురొచ్చింది. అక్కడి చిన్నపిల్లలకి ఇక్కడి టీచర్లు ఇంట్లో కూర్చునే, కంప్యూటర్లో పాఠం చెప్పాలి. మంచి ఉద్యోగం, గొడవల్లేని ఉద్యోగం. అయితే ఒక్కో బడి నుంచి ఒక్కరినే తీసుకుంటారు. బడి పెద్ద ప్రతి ఒక్కరి గురించీ ఉత్తరం రాసివ్వాలి. అందులో రెండు విషయాలు తప్పకుండా ఉండాలి: తోటివాళ్లతో పోలిస్తే ఈమె ఎలాంటిది, రేపు మా దగ్గర ఎలా పనిచేస్తుందని మీ అంచనా, అందులో మీకేమైనా అనుమానం ఉందా.

దరఖాస్తు పెట్టింది ఇద్దరు. ఒకరు హైందవి, రెండోది మనస్విని.

"దేవుడున్నాడు" అనుకుంది వసుమతి.

ఆఫీసు పని చూసే బాలకిషన్ కంప్యూటర్లో ఇరవయ్యేళ్లుగా ఒకటే ఉత్తరం ఉంది. ఎవరు బడి వదిలి వెళ్లినా పేరు మార్చి అదే ఇచ్చేవాడు. అందులో ప్రతి టీచరూ అందరికంటే ఉత్తమురాలు, ప్రతి టీచరూ ఎక్కడ అడుగుపెడితే అక్కడ నిస్సందేహంగా వెలిగిపోతుంది. హైందవికి ఆ ఉత్తరమే తీయించి, ఇంకో నాలుగు పొగడ్తలు కలిపించింది వసుమతి. "నా ముప్పయ్యేళ్ల అనుభవంలో ఇంతటి టీచరును చూడలేదు" అని కూడా చేర్పించింది. తోటివాళ్లతో పోలికా? పోలికే లేదు. అనుమానమా? అణువంత కూడా లేదు.

మనస్విని ఉత్తరం మాత్రం తానే కూర్చుని రాసింది. వసుమతి ఎమ్మే ఇంగ్లిషు. కాలేజీలో ఒక ముసలి దొరసాని పాఠం చెప్పేది. ఆవిడ చెప్పిన మాట వసుమతికి నలభయ్యేళ్లుగా గుర్తుంది. ఇంగ్లిషువాళ్లు ఎవరినీ చెడ్డవాడని రాయరట. 'మిగతావాళ్లంత బాగానే చేస్తాడు' అని రాస్తారట. రేపటి గురించి వాళ్లు ఒట్టు పెట్టరట. 'నెట్టుకురావచ్చు' అని ఊరుకుంటారట. ఆ ఒక్క ముక్కతో మనిషి పని అయిపోతుందట. మన దగ్గర తిడితే ఆ తిట్టు సాయంత్రానికి పోతుందిగాని, వాళ్ల మర్యాద తగిలితే మళ్లీ లేవడం ఉండదని ఆవిడ నవ్వుతూ చెప్పేది.

వసుమతి నాలుగు పుస్తకాలూ ముందేసుకుంది. ఏరిఏరి రాసింది. సోమవారాలు ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా క్లాసులోకి వస్తుంది, గేటు దగ్గర తల్లులతో మాట్లాడుతూ నిలబడటం వల్ల. పక్క బడుల పిల్లలంత వేగంగా ఈమె పిల్లలు చదవలేరు, అంతకంటే ఎక్కువ ప్రశ్నలు వేస్తారు, దానివల్ల పాఠం వెనకబడుతుంది. తెలియని విషయం అడిగితే 'నాకు తెలియదు, రేపు చూసి చెబుతా' అని పిల్లల ముందే ఒప్పుకుంటుంది, దానివల్ల టీచరు గౌరవం తగ్గుతుంది. ఏ పిల్లాణ్ణీ ఇంకొకడితో పోల్చదు, అందుచేత పోటీ తత్వం తక్కువ. మొత్తం మీద తోటివారికి తీసిపోదు. కంప్యూటర్ మీద కూడా క్లాసులో చెప్పినంత బాగా చెప్పగలదో లేదో నేను చెప్పలేను. నెట్టుకురావచ్చు.

ఆ చివరి మాట రాసి పెన్ను మూత పెట్టినప్పుడు వసుమతికి కడుపు నిండినట్టయింది.

బాలకిషన్ టైపు చేస్తూ చేస్తూ ఆగాడు. ఆయన ఈ ఊరివాడే, వాళ్ల తాత నిజాం కాలంలో మున్షీ.

"మేడం, గిది ఇట్లనే పంపుమంటరా? జర ఆలోచించున్రి."

"ఏం, అందులో ఒక్క అబద్ధమైనా ఉందా?"

"అబద్ధం లేదు మేడం. పోరిది బతుకుదెరువు కదా అంటున్న."

"మీ పని టైపు చెయ్యడం. చెయ్యండి" అంది వసుమతి. ఆయన తల దించుకుని చేశాడు.

వారం తరవాత ఒక శనివారం మధ్యాహ్నం ఇంగ్లండు నుంచి ఫోనొచ్చింది. హెలెన్ అట, గొంతు వెన్నలా ఉంది. ఆవిడ ఏదీ సూటిగా అడగదు. ప్రతి ప్రశ్నకీ ముందు ఒక మర్యాద, వెనక ఒక అనుమానం. మీకు వీలుంటే, ఒకవేళ గుర్తుంటే, మీరు చెప్పగలరేమోనని అనుకుంటున్నాను అంటుంది. ఈ దొరసానికి నోట్లోంచి మాట పెగలడానికే ఇంత సేపయితే ఉద్యోగాలేమిస్తుందని వసుమతి లోపల నవ్వుకుంది.

ముందు హైందవి గురించి. "ఆమె క్లాసులో మీరు చూసిన ఏదైనా ఒక సంఘటన, చిన్నదైనా సరే, చెప్పగలరేమో?"

"ఒకటేమిటి, అన్నీ బాగుంటాయి."

"తప్పకుండా. కానీ బహుశా ఏదైనా ఒక రోజు..."

"రోజూ ఒకేలా చెబుతుంది. మా బడిలో ఆమే బెస్టు."

"ఏదైనా విషయంలో ఆమె మిగతావాళ్లంత బాగా చెయ్యకపోవచ్చని ఎప్పుడైనా అనిపించిందా?"

"ఎప్పుడూ లేదు. వంద శాతం గ్యారంటీ."

"చాలా బాగుంది" అంది హెలెన్. కీబోర్డు మీద నాలుగైదు టకటకలు వినిపించాయి, అంతే. మూడు నిమిషాల్లో హైందవి అయిపోయింది. పొగడ్త గట్టిగా పడ్డదని వసుమతి సంబరపడింది.

తరవాత మనస్విని. వసుమతి పుస్తకాలు దగ్గరికి లాక్కుంది. ఇక్కడ మాత్రం తడుముకోవాల్సిన పని లేదు. ఏ తారీఖున ఏం జరిగిందో, ఏ పిల్లాడు ఏమన్నాడో చదువుతూ పోయింది. గుండ్రటి అక్షరాలు రాయలేని పిల్ల చేతిని పట్టుకోకుండా, బల్ల మీద పిండి పోసి వేలితో రాయించిందనీ, ఆ పిండి ఊడవడానికి ఆయాకి అరగంట పట్టిందనీ చెప్పింది. తిమింగలం ఎందుకు చేప కాదని ఒకడు అడిగితే తెలీదందనీ చెప్పింది.

"తెలీదని నిజంగా పిల్లలతోనే అందా?" అని హెలెన్ మధ్యలో అడిగింది. "మర్నాడు చెప్పిందా?"

"చెప్పేదాకా వాళ్లు వదిలితేగా! పావుగంట దానికే పోయింది. లెక్కల పీరియడ్ పాడైంది."

హెలెన్ నవ్వింది. టకటకలు ఆగకుండా వినిపిస్తున్నాయి. తన మాట ఒక్కటి కూడా పోకుండా రాసుకుంటున్నందుకు వసుమతికి పరమానందమైంది. నలభై నిమిషాలు చెప్పింది. శత్రువు గురించి చెప్పడంలో ఉన్న రుచి ఇంక దేనిలో ఉంటుంది! గొంతెండిపోయినా ఆపబుద్ధి కాలేదు. చివర్లో హెలెన్ ఇంకొకసారి అడిగింది, ఈమె మా దగ్గర నిలబడగలదని అనుకోవచ్చా అని.

"చెప్పలేను. నిలబడవచ్చు" అంది వసుమతి, ముసలి దొరసానిని తలుచుకుని.

"మీరు చాలా శ్రద్ధగా చెప్పారు, కృతజ్ఞతలు" అంది హెలెన్.

ఆ సాయంత్రం వసుమతి మొజంజాహీ మార్కెట్‌లో ఆగి హైందవికి సీతాఫలం ఐస్‌క్రీమ్ పార్శిల్ కట్టించింది. "ఉద్యోగం నీదేనే. నామాట రాసిపెట్టుకో" అంది. హైందవి తలూపి తింది. ఆ పిల్ల ఇంట్లో ఎప్పుడూ ఏమీ అనదు.

పది రోజులకి మెయిల్ వచ్చింది. బాలకిషన్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎంపికైంది మనస్విని.

కింద నాలుగు వరుసలు హెలెన్ స్వయంగా రాసింది. మీ నగరం నుంచి మాకు అరవై మూడు ఉత్తరాలు వచ్చాయి. అరవై రెండింటిలో ప్రతి టీచరూ అందరికంటే ఉత్తమురాలు, ఏ ఒక్కరి గురించీ ఏ అనుమానమూ లేదు. వాటిని ఎలా చదవాలో మాకు తెలియలేదు. మనస్విని గురించి మీరు రాసిన ఉత్తరం ఒక్కదానిలో మాత్రం ఒక మనిషి కనిపించింది. మీరు ఏది తెలుసో అది చెప్పారు, ఏది తెలియదో అది తెలియదన్నారు. అందుకే మిమ్మల్ని నమ్మాం.

వసుమతి మూడుసార్లు చదివింది. ఇది మోసం అనుకుంది. గొయ్యి తవ్వింది తనే, పార పట్టింది తనే, పడింది మాత్రం తన పిల్ల. ముసలి దొరసాని మీద కోపమొచ్చింది. హెలెన్ మీద వచ్చింది. అందరి మీదా వచ్చిన కోపం తిరిగి తిరిగి మనస్విని దగ్గరే ఆగింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల గుమ్మంలో నిలబడింది.

"మిఠాయి తేలేదు మేడం. తెచ్చినా మీరు తినరని తెల్సు" అంది మనస్విని.

"ఎందుకొచ్చావు మరి? దెప్పడానికా?"

"మీరు రాసింది, ఫోన్ల చెప్పింది అంత ఆ హెలెన్ నాకు చదివి వినిపించింది. నన్ను ముంచుదామనే రాసిన్రు. గది నాకు ఎరుకే. థాంక్స్ చెప్తనని మాత్రం అనుకోకున్రి."

"నీ థాంక్స్ ఎవడిక్కావాలి?"

"కానీ మేడం," మనస్విని గొంతు కొంచెం తగ్గింది, "పిండి ముచ్చట నేనే మర్చిపోయిన. మా అమ్మకు గూడ నా పని గురించి గింత తెల్వదు. మీరు తారీఖులేసి రాసిన గా పుస్తకాలు నాకియ్యరా? నా మూడేండ్లు అండ్లనే ఉన్నయి."

"ఇవ్వను. నా మూడేళ్లు కూడా అందులోనే ఉన్నాయి" అంది వసుమతి. అన్నాక, ఆ మాట తన నోటినుంచి ఎందుకు వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. మనస్విని ఒకసారి పుస్తకాల వైపు చూసి వెళ్లిపోయింది.

నాలుగు గంటల బెల్లు కొట్టాక హైందవి వచ్చింది. చేతిలో తెల్లకాగితం. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మెయిల్ సంగతి అప్పటికే బడంతా తెలుసు.

"పెద్దమ్మా, ఆవిడ నా గురించి ఏమడిగింది?"

"ఏదో అడిగింది. నువ్వు బెస్టని చెప్పాను. వంద శాతం గ్యారంటీ అన్నాను. అంతకంటే ఇంకేం చెప్పను?"

"సరే. లక్డీకాపూల్‌లో ఒక బడిలో ఖాళీ ఉందట. రేపటికి ఉత్తరం కావాలి." కాగితం బల్ల మీద పెట్టింది. "బాలకిషన్ గారి కంప్యూటర్లోది వద్దు. మనస్విని గారికి రాసినట్టు నాకూ రాయి. నా తప్పులు రాయి."

"పిచ్చిదానా, నీ తప్పులు నేనెందుకు రాస్తానే?"

"రాయి పెద్దమ్మా. నన్ను కూడా ఎవరో చూశారని వాళ్లకి తెలియాలిగా."

వసుమతి పెన్ను తీసింది. హైందవి పేరు రాసింది. తరవాత చెయ్యి కదల్లేదు. ఈ పిల్ల బీరకాయ తినదని తెలుసు. చలికాలం మడమలు పగులుతాయని తెలుసు. జ్వరమొస్తే ఎడమవైపు తిరిగి పడుకుంటుందని తెలుసు. బడిలో ఈ పిల్ల ఏం చేస్తుంది? మూడో తరగతి గుమ్మంలో తను చివరిసారి ఎప్పుడు నిలబడింది? ఎంత వెతుక్కున్నా ఒక్క రోజు దొరకలేదు.

"గొంతు..." అంది చివరికి. "గొంతు చిన్నది. వెనక బెంచీకి వినబడకపోవచ్చు."

హైందవి నవ్వింది. నవ్వులో కోపం ఉంది, ఇరవయ్యేళ్లలో వసుమతి ఎన్నడూ చూడని కోపం.

"క్లాసులో నా గొంతు చాలా పెద్దది పెద్దమ్మా. కథ చెబుతూ అరుస్తానని నాలుగో తరగతి వాళ్లు ప్లైవుడ్ గోడ బాదుతారు. నీ చెవెప్పుడూ మనస్విని గారి మాటల మీదే, నీకు తెలియదు కదూ?"

వసుమతి పెన్ను కింద పెట్టింది. హైందవి లేచి, బల్ల మీద కాగితం తీసుకుంది. ఒక్క పేరు మాత్రమే ఉన్న కాగితం.

"ఎక్కడికే?"

"తెలిసినవాళ్ల దగ్గర రాయించుకుంటాను. ఆవిడ మూడేళ్లుగా ఆ గోడ అవతలే ఉంది."

వసుమతి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. వాకిలి అవతల నాలుగో తరగతిలో మనస్విని గోడమీది చార్టులు విప్పి చుడుతోంది. హైందవి ఏదో చెప్పింది. మనస్విని చుట్టిన చార్టు పక్కన పెట్టి, పిల్లల బెంచీ మీదే కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి ఏదో అడిగింది, ఇద్దరూ నవ్వారు. మళ్లీ రాసింది.

అలవాటు కొద్దీ వసుమతి చెయ్యి తప్పుల పుస్తకం మీదికి పోయింది. తెరిచి తారీఖు వేసింది. రాయడానికి ఏమీ తోచలేదు. తలెత్తి చూస్తే మనస్విని కాగితం వెనక్కి తిప్పి, ఇంకా రాస్తూనే ఉంది.